ఇటుక కూలింది, రెల్లు నిలిచింది: లిమాలో ఒక సివిల్ విద్యార్థి నేర్చుకున్న పాఠం

లిమా పాతనగరంలో ఒక మేడ ముందు ఆగిపోయాను. కింది అంతస్తు గోడ మూరెడు మందాన బలంగా ఉంది. పై అంతస్తు గోడకి ఒకచోట పూత పెచ్చులూడి లోపలిదంతా బయటపడింది. ఇటుకలుంటాయనుకున్నాను, లేవు. సన్నటి కర్రల చట్రం, దాని మధ్య అల్లిన రెల్లు, రెల్లుకి మెత్తిన మట్టి. అచ్చం మా అమ్మమ్మగారి ఊళ్ళో వంటింటి తడిక గోడే.

"బాబాయ్, ఇది వైస్రాయ్‌లు ఏలిన ఊరు కదా! మేడ మీద తడిక కట్టారేంటి?" అని అడిగాను.

ఉద్యోగం కోసం ఆ ఊళ్ళో ఉంటున్న మా బాబాయి నవ్వాడు. "ఇక్కడ పెద్ద పెద్ద చర్చిల కప్పులే అంతరా. ఎందుకో సివిల్ చదివేవాడివి నువ్వే చెప్పాలి."

నా దగ్గర జవాబు లేదు. రాయి, ఇటుక, కాంక్రీటు అంటే 'పక్కా', మట్టి అంటే 'కచ్చా' అని నేర్చుకున్న బుర్ర నాది. లిమాలో ఉన్న వారం రోజులూ చర్చిలు, మ్యూజియంలు, పాత ఇళ్ళు అన్నీ ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాను. చూసినవి వరసగా చెప్తాను. మధ్యలో కాస్త స్ట్రక్చర్స్ క్లాసు కూడా వస్తుంది, ఈసీఈ, సీఎస్ఈ మిత్రులు భరించాలి.

ముందు ఊరి సంగతి

లిమా ఇప్పుడు పెరూ రాజధాని. స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో పిజారో 1535 జనవరి 18న దీన్ని స్థాపించాడని పుస్తకాల్లో ఉంటుంది. 1542లో స్పెయిన్ రాజు పెరూ వైస్రాయ్ రాజ్యాన్ని ఏర్పాటు చేశాడు. మొదట్లో దక్షిణ అమెరికాలో స్పెయిన్ చేతిలో ఉన్న నేలంతా దాదాపు ఇక్కణ్ణుంచే నడిచేది. అందుకే పెద్ద చర్చిలు, మఠాలు, మేడలు, 1551లో మొదలైన సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయం అన్నీ ఈ ఒక్క ఊళ్ళోనే కనిపిస్తాయి.

'స్థాపించాడు' అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పిజారో వచ్చేటప్పటికే అక్కడ జనం ఉన్నారు. రీమాక్ నది లోయకి తౌలిచుస్కో అనే నాయకుడున్నాడు. ఎడారి లాంటి తీరంలో పంటలు పండాయంటే నది నుంచి తవ్విన కాలవల వల్లే. వాటిలో కొన్ని ఇప్పటికీ పారుతూ లిమా పార్కులకి నీళ్ళిస్తున్నాయి. 'లిమా' అన్న పేరు కూడా 'రీమాక్' నుంచి వచ్చిందే. కెచువా భాషలో దానికి 'మాట్లాడేవాడు' అని అర్థం.

ఊరి నడిబొడ్డున ప్లాసా మయోర్ అనే పెద్ద చౌకు ఉంది. మధ్యలో 17వ శతాబ్దపు కంచు ఫౌంటెన్, ఒక పక్క అధ్యక్షుడి భవనం, ఇంకో పక్క కెథెడ్రల్. 1821 జులై 28న సాన్ మార్టిన్ పెరూ స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది ఈ చౌకులోనే. గుర్రమెక్కిన పిజారో విగ్రహం 1935లో కెథెడ్రల్ ముందుకొచ్చింది. తర్వాత పక్కకి జరిపారు, 2003లో చౌకు నుంచే తీసేశారు, కొన్నాళ్ళు పాత కోటగోడ పార్కులో పెట్టారు. 2025 జనవరిలో, ఊరికి 490 ఏళ్ళు నిండిన రోజున, మళ్ళీ చౌకు పక్కకి తెచ్చారు. తౌలిచుస్కో జ్ఞాపకంగా ఆ పరిసరాల్లోనే ఒక రాయి ఉంది. ఒకాయనకి గుర్రం, కత్తి, ఇంకొకాయనకి రాయి. ఈ ఊరు ఎవరిదన్న వాదన ఇంకా తెగలేదని ఆ రెండూ చూస్తేనే తెలుస్తుంది.

కెథెడ్రల్: పేరున్న ఎముకలు

పిజారోని 1541 జూన్ 26న ప్రత్యర్థులు ఆయన ఇంట్లోనే చంపేశారు. సమాధి కెథెడ్రల్‌లో ఉంది. దాని కథ విని నవ్వుకున్నాను. 19వ శతాబ్దం చివర నుంచి పిజారో అని చెప్పి ఒక ఎండిన శవాన్ని గాజుపెట్టెలో పెట్టి జనానికి చూపించారు. 1977లో కింద నేలమాళిగలో పని చేస్తున్నవాళ్ళకి ఒక సీసపు పెట్టె దొరికింది. లోపల ఒక పుర్రె, అది పిజారో తల అని పెట్టె మీద రాత. నిపుణులు పరీక్ష చేసి ఆ పుర్రె, దానికి సరిపడిన ఎముకలే అసలువని తేల్చారు. అంటే ఎనభై ఏళ్ళకి పైగా జనం దణ్ణం పెట్టిందో, తిట్టుకుందో మరెవరినో!

సమాధి చూశాక తలెత్తి కప్పు చూశాను. రాతి కమానుల్లా పక్కటెముకలు దీరిన ఎత్తైన గోథిక్ కప్పు. నేను రాయే అనుకున్నాను. "అది రాయి కాదు, చెక్క, రెల్లు, పూత," అన్నారు గైడ్. 1609, 1687, 1746 భూకంపాలు ఈ కెథెడ్రల్‌ని దెబ్బతీశాయి. చివరికి రాతి కప్పు ఆకారం అలాగే ఉంచి, పదార్థం మార్చేశారు. ఈ పద్ధతి పేరు కించా. మన భాషలో వింటే 'కించపరచడం' గుర్తొస్తుంది, మట్టి పనిని మనం చేసేది కూడా అదే. కెచువాలో ఆ మాటకి దడి, కంచె అని అర్థం. మన దడీ అదే, వాళ్ళ దడీ అదే.

1746 అక్టోబర్ 28, రాత్రి పదిన్నర

లిమా తీరానికి ఎదురుగా సముద్రం కింద నాజ్కా ఫలకం దక్షిణ అమెరికా ఫలకం కిందకి దూరుతూ ఉంటుంది. అక్కడ ఒత్తిడి పేరుకుంటూ పోయి, ఒక్కసారి జారితే భూకంపం. ఈ ఊరికి భూకంపం కొత్త కాదు. కానీ 1746 నాటిది వేరు. మూడు వేల ఇళ్ళున్న ఊళ్ళో పాతిక మాత్రమే నిలిచాయని అప్పటి నివేదికలు చెప్తాయి. ఆ తర్వాత సునామీ వచ్చి రేవుపట్నం కయావోని ఊడ్చేసింది. అక్కడ దాదాపు ఐదు వేల మంది ఉంటే బతికింది రెండు వందల మంది.

అప్పటి వైస్రాయ్ మాన్సో డె వెలాస్కో. ఊరిని ఎలా తిరిగి కట్టాలో చెప్పమని ఆయన అడిగింది లూయీ గొదాన్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రవేత్తని. భూమి ఆకారం తేల్చడానికి భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ పొడవు కొలవాలని 1735లో ఫ్రాన్స్ నుంచి బయల్దేరిన బృందానికి పెద్ద ఈయన. తర్వాత లిమాలో లెక్కలు చెప్పేవాడు. గొదాన్ సలహాలు చదువుతుంటే ఈనాటి డిజైన్ కోడ్ చదివినట్టే ఉంది: వీధులు వెడల్పు చేయండి, గోడల ఎత్తు తగ్గించండి, రెండో అంతస్తులు వద్దు, ఎత్తున బరువు పెట్టకండి.

ఊరి ధనవంతులు ఒప్పుకోలేదు. మేడంటే పరువు. కూలకుండా మిగిలిన పై అంతస్తులు కూడా పడగొట్టమంటే ఎలా అని వాదించారు. చాలాకాలం లాగీ లాగీ చివరికి రాజీ కుదిరింది. కింది అంతస్తు పచ్చి ఇటుకతో, పై అంతస్తు కించాతో కట్టడం ఊరి రివాజైంది. నేను ఆగిపోయిన మేడ రహస్యం ఇదే. ఒక లెక్కల మాస్టారికీ, మేడల యజమానులకీ మధ్య కుదిరిన రాజీ ఆ గోడలో ఉంది.

వీధుల్లో తిరిగితే కనిపించే చెక్క బాల్కనీలు కూడా ఈ కథలో భాగమే అనిపించింది. 1735లో పూర్తయిన టొర్రె టాగ్లే భవనంలో ఇప్పుడు విదేశాంగ శాఖ ఉంది. దాని ముందువైపు రెండు పెద్ద పెట్టెల్లా చెక్కిన బాల్కనీలు వేలాడుతుంటాయి. జాలీల వెనక నిలబడి లోపలివాళ్ళు వీధి చూడొచ్చు, వీధివాళ్ళకి లోపలివాళ్ళు కనపడరు. అరబ్బుల పనితనం స్పెయిన్ మీదుగా ఇక్కడికొచ్చింది.

సాన్ ఫ్రాన్సిస్కో: పేరు లేని ఎముకలు

ప్లాసా మయోర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో సాన్ ఫ్రాన్సిస్కో మఠం ఉంది. యునెస్కో 1988లో మొదట దీన్నొక్కదాన్నే ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 1991లో పాతనగరాన్ని కూడా కలిపింది.

ఇక్కడి పాత చర్చి 1656లో కూలింది. కొత్తది కట్టే పని పోర్చుగీసు వాస్తుశిల్పి కాన్‌స్టాంటినో డె వాస్కోన్సెలోస్‌కి అప్పగించారు. ఇంత పెద్ద చర్చికి కించాతో కమాను కప్పు వేసే ధైర్యం ఆయన చేశాడు. 1672లో చర్చి ప్రతిష్ఠ జరిగింది. అది 1687నీ తట్టుకుంది, 1746నీ తట్టుకుంది. 1970 భూకంపంలో మాత్రం బాగా దెబ్బతింది. అయినా ఈ రోజుకీ నిలబడే ఉంది.

మఠం కింద ఇటుక కమానుల మధ్య నేలమాళిగలున్నాయి. 1808లో ఊరి బయట శ్మశానం మొదలయ్యేదాకా లిమా జనాన్ని పూడ్చింది ఎక్కువగా చర్చిల కిందే. ఇక్కడ దాదాపు పాతిక వేల మంది ఎముకలుంటాయని అంచనా. వంగి నడవాలి, ఫొటోలు తీయనివ్వరు. ఎముకల్ని రకం వారీగా విడదీసి గుంటల్లో పేర్చారు. తొడ ఎముకలొకచోట, పుర్రెలొకచోట. ఒక గుండ్రటి బావిలో పుర్రెలూ తొడ ఎముకలూ వలయాలుగా, ముగ్గు వేసినట్టు అమర్చి ఉన్నాయి.

కెథెడ్రల్‌లో ఒక మనిషి పుర్రె అసలుదా కాదా అని అంత పరిశోధన జరిగింది. ఇక్కడ పాతిక వేల మందిలో ఏ ఎముక ఎవరిదో అడిగే నాథుడు లేడు. పైనున్న కప్పుకి రెల్లు కోసినవాళ్ళు, మట్టి తొక్కినవాళ్ళు, తడిక అల్లినవాళ్ళు ఈ ఊరి జనంలోనివాళ్ళే కదా! వాస్కోన్సెలోస్ పేరు మనకి తెలుసు. రెల్లు ఎలా అల్లాలో ఆయన దగ్గర పని చేసినవాళ్ళకి నేర్పింది ఎవరో ఏ రాతలోనూ లేదు.

లిమాలో ఇంకో గోడ కథ కూడా చెప్పుకుంటారు. 17వ శతాబ్దం మధ్యలో అంగోలా నుంచి తెచ్చిన ఒక బానిస మట్టిగోడ మీద క్రీస్తు బొమ్మ గీశాడు. 1655 భూకంపానికి చుట్టుపక్కల కట్టడాలు కూలినా ఆ గోడ నిలిచిందట. ఇప్పటికీ ప్రతి అక్టోబర్‌లో ఊదారంగు బట్టలు కట్టుకున్న లక్షల జనంతో 'అద్భుతాల ప్రభువు' ఊరేగింపు సాగుతుంది. భూకంపాల ఊళ్ళో జనం కొలిచేది నిలిచిన గోడనే అన్నమాట.

ఇప్పుడు కాస్త క్లాసు: రెల్లు ఎందుకు నిలిచింది?

భూకంపం ఇంటిని పక్కకి తోస్తుంది అంటాం గానీ, నిజానికి నేల పక్కకి కదిలితే ఇంటి బరువే కదలనని మొరాయిస్తుంది. ఆ మొరాయింపే గోడల మీద పడే బలం. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేది అదే. పది టన్నుల కప్పుకి 0.3 జి త్వరణం వస్తే మూడు టన్నుల బలం పక్కకి లాగుతుంది. అదే కప్పు రెండు టన్నులైతే లాగేది 0.6 టన్ను మాత్రమే. బరువు ఎంత ఎత్తున ఉంటే గోడ మొదట్లో అంత ఎక్కువ వంపు పడుతుంది. కాబట్టి పైన తేలిగ్గా కట్టడమే సగం గెలుపు.

మిగతా సగం వంగే గుణం. ఇటుక, రాయి, పచ్చి ఇటుక నొక్కితే ఓర్చుకుంటాయి, లాగితే పగులుతాయి. పగిలాక ఇంక పట్టుకునేది ఏదీ ఉండదు. కించాలో కర్ర చట్రం, రెల్లు లాగుడుని మోస్తాయి. కుదుపుకి పూత పగులుతుంది, మట్టి రాలుతుంది. ఆ రాపిడిలో కొంత శక్తి ఖర్చవుతుంది. అల్లిక మాత్రం ఊగి మళ్ళీ నిలబడుతుంది. మర్నాడు మళ్ళీ మట్టి మెత్తుకుంటే సరిపోతుంది. కాంక్రీటులో మనం ఇనుము వేసి తెచ్చుకునే గుణానికి ఇది తమ్ముడి లాంటిది.

పిజారోకి వెయ్యేళ్ళ ముందు

ఈ తెలివి ఎంత పాతదో చూడాలంటే మిరాఫ్లోరెస్ పేటలో అపార్టుమెంట్ల మధ్య ఉన్న వాకా పుక్లానాకి వెళ్ళాలి. ఇరవై మీటర్లకి పైగా ఎత్తున్న మెట్ల పిరమిడ్, మొత్తం పచ్చి ఇటుకతో కట్టింది. పిజారో రావడానికి దాదాపు వెయ్యేళ్ళ ముందు 'లిమా సంస్కృతి' అని ఇప్పుడు పిలుస్తున్న జనం కట్టారు. ఇటుకల్ని మనలా పడుకోబెట్టలేదు, అల్మరాలో పుస్తకాల్లా నిలువుగా, పక్కపక్కన కాస్త సందు వదిలి పేర్చారు. ఊగితే ఇటుకలు సందుల్లో కొంచెం సర్దుకుంటాయి, పగులు గోడంతా పాకదు.

ఇది మట్టే కదా, ఇన్నాళ్ళు ఎలా నిలిచిందంటే లిమాలో వాన పడదు. చలికాలమంతా మబ్బు, మంచు తుంపర మాత్రమే. మన కోస్తాలో ఇలా కడితే ఒక్క తుఫానుకి కరిగిపోతుంది. ఏ పద్ధతినైనా నేల నుంచి, వాన నుంచి విడదీసి మెచ్చుకోకూడదని అక్కడ అర్థమైంది. తవ్వకాలు 1981లో మొదలయ్యాయి. అంతకు ముందే నగరం పెరిగి చాలా భాగం తినేసింది.

లార్కో మ్యూజియం కూడా అలాంటి నేల మీదే ఉంది. పాత పిరమిడ్ మీద 18వ శతాబ్దంలో కట్టిన భవనం అది. 1926లో రఫాయెల్ లార్కో ఓయ్లే ఉత్తర పెరూలో మొదలుపెట్టిన మ్యూజియం తర్వాత లిమాకి మారింది. అక్కడ నాకు బాగా నచ్చింది స్టోర్‌రూమ్. మామూలుగా మ్యూజియం వాళ్ళు గోడౌన్‌లోకి రానివ్వరు. ఇక్కడ నేల నుంచి కప్పుదాకా గాజు అల్మరాల్లో వేల మట్టిపాత్రలు, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. మోచే కుమ్మరులు చేసిన ముఖాల పాత్రలైతే ఒక్కో ముఖం ఒక్కో మనిషి. ఒకడు నవ్వుతున్నాడు, ఒకడికి కన్ను పోయింది. ఎముకల గుంటల్లో పోయిన ముఖాలు ఇక్కడ మట్టిలో కనిపించినట్టు అనిపించి చాలాసేపు నిలబడ్డాను.

మట్టి మంత్రం కాదు

ఇదంతా చదివి 'అయితే అందరం మట్టి ఇళ్ళు కట్టుకుందాం' అనుకోకండి. 2007 ఆగస్టు 15న లిమాకి దక్షిణాన పిస్కోలో భూకంపం వచ్చినప్పుడు కూలినవాటిలో ఎక్కువ పచ్చి ఇటుక ఇళ్ళే. అక్కడి చర్చి కప్పు ప్రార్థన జరుగుతుండగానే జనం మీద పడింది. లోపల లాగుడుని పట్టే అల్లిక లేని మట్టిగోడ ప్రాణాలు తీస్తుంది. కించాకి కూడా చెదలు, తడి, నిప్పు శత్రువులు. ఏళ్ళ తరబడి మరమ్మతు లేకపోతే లోపల చట్రం పుచ్చిపోయి, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. పాత లిమాలో అలాంటి మేడలు చాలా ఉన్నాయి.

అందుకే పెరూ ఇంజనీర్లు మట్టిని వదిలెయ్యలేదు, ప్రయోగశాలకి తెచ్చారు. లిమాలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో మట్టి ఇళ్ళని కదిలే బల్ల మీద కట్టి, ఊపి, ప్లాస్టిక్ జాలీ చుట్టి, మళ్ళీ ఊపి చూశారు. జాలీ చుట్టిన గోడ పగిలినా కూలలేదు. మట్టి ఇళ్ళకి అక్కడ ప్రత్యేకంగా డిజైన్ కోడ్ ఉంది. మనకీ ఉందండోయ్! మట్టి ఇళ్ళ భూకంప రక్షణ గురించి ఐఎస్ 13827. మూడేళ్ళు సివిల్ చదివి దాని పేరు నేను వినలేదు. లిమా నుంచి వచ్చాక వెతికి చదివాను.

నా వంతు పాఠం

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను మొదటి ఏడాదిలో ఉండగా అమ్మమ్మ పాత ఇల్లు తీసేసి స్లాబు వేశారు. ఇంట్లో అందరికన్నా గట్టిగా వాదించింది నేనే. "అది కచ్చా ఇల్లు అమ్మమ్మా, ఎప్పుడైనా పడిపోతుంది" అన్నాను. స్లాబు వేయించడం తప్పనడం లేదు. వానాకాలం ఆవిడ పడే అవస్థ తగ్గింది. కానీ పడగొట్టే ముందు ఆ గోడ ఎంత మందమో కొలవలేదు, తడిక ఎలా అల్లారో చూడలేదు, ఒక్క ఫొటో తీయలేదు. సముద్రాలు దాటి వెళ్ళి మేడ గోడలో రెల్లు చూసి నోరు తెరిచాను. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం కన్ను పడలేదు.

లిమా నుంచే ఫోన్ చేసి అడిగాను. "తడిక గోడకి మట్టి ఎలా కలిపేవాళ్ళు అమ్మమ్మా?"

"ఇప్పుడా నాయనా అడగడం?" అని నవ్వింది. తర్వాత పావుగంట చెప్పింది. మట్టిని నీళ్ళు పోసి నానబెట్టాలట, వరిగడ్డి సన్నగా తుంచి వెయ్యాలట, కాళ్ళతో తొక్కి తొక్కి ముద్ద చెయ్యాలట, మొదటి పూత ఆరి నెర్రెలిచ్చాకే రెండో పూత మెత్తాలట. గడ్డి ఎందుకంటే, "లేకపోతే పగిలిపోదూ" అంది. లాగుడుని పట్టే పీచు! మా టెక్స్ట్‌బుక్‌లో ఒక అధ్యాయం ఆవిడకి ఒక్క ముక్కలో వచ్చు.

కాబట్టి మిత్రులారా, పెద్ద ఊరు చూడ్డానికి వెళ్ళినా, పాలంపేట రామప్ప గుడికి వెళ్ళినా గైడ్ చెప్పే రాజు పేరు వినండి. దాంతోపాటు ఇంకో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేంతో కట్టారు? పైన ఎంత బరువుంది? ఈ పని చేతుల్తో చేసినవాళ్ళు దీన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? రామప్ప విమానానికి తేలికపాటి ఇటుకలు ఎందుకు వాడారో రెండో ప్రశ్నే చెప్తుంది.

ఈ సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళేవాళ్ళకి చిన్న పని. మీ వీధిలో మిగిలిన పాత ఇల్లు ఒకటి చూసుకోండి. టేపు పట్టుకుని గోడ మందం, కప్పు ఎత్తు కొలవండి. కప్పు వాసాలు ఏ కర్రవో, గోడలో ఏముందో ఆ ఇంటి పెద్దవాళ్ళని అడిగి, ఒక పేజీ బొమ్మ గీసి క్లబ్బుకి పంపండి. రాసేటప్పుడు చెప్పినవాళ్ళ పేరు కింద తప్పకుండా వెయ్యండి. మా అమ్మమ్మ చెప్పింది నేను ఇప్పటికే ఒక పేజీ రాసిపెట్టాను. కొలతల గడి మాత్రం ఖాళీగా ఉంది, కొలవడానికి ఆ ఇల్లు లేదు.